తాటాకు పెట్టిన పేజీ

మెసేజ్ చూడగానే నాకు భయం వేసింది. ఏడుపు తర్వాతెప్పుడో, బస్సు కొవ్వూరు బ్రిడ్జి మీద సగం దూరం వచ్చాక వచ్చింది. "మన వాక్యమ్మగారు ఈ ఉదయం ప్రభువునందు నిద్రించారు. భూస్థాపన మధ్యాహ్నం మూడు గంటలకి" అని మా ఊరి చర్చి గ్రూపులో ఎవరో పెట్టారు. కింద పది పన్నెండు దణ్ణం బొమ్మలు. వాటి కింద నా పేరు పెట్టి ఇంకో మెసేజ్: "మేడమ్ గారు వచ్చి వాక్యం చదవాలని ఆవిడ కోరిక అండి."

నా భయమంతా ఆ రెండో మెసేజే. రాజమండ్రిలో ఇరవై ఏళ్లుగా కాలేజీ పిల్లలకి తెలుగు చెబుతున్నాను. మైకు చేతికిస్తే తిరిగి ఇవ్వనని స్టాఫ్‌రూములో నా మీద జోకులున్నాయి. అలాంటిదాన్ని, ఒక పేజీ చదవమంటే జంకాను. ఎగ్గొట్టడానికి సాకులు కూడా వెతుక్కున్నాను. పరీక్ష డ్యూటీ ఉందందామా, బీపీ పెరిగిందందామా అని. చివరికి ఎలా వెళ్లానో తెలీదు, కాంప్లెక్సులో భీమవరం బస్సెక్కి కూర్చున్నాను.

ఆవిడ అసలు పేరు ఊళ్లో చాలామందికి తెలీదు. ఇంటింటికీ వెళ్లి ఆడవాళ్లకి వాక్యం చదివి వినిపించడం ఆవిడ ఉద్యోగం. చర్చివాళ్లిచ్చే చిన్న జీతం, చర్చి కాంపౌండులో ఒక పెంకుటి గది. అందుకని వాక్యమ్మగారు. నీలం అంచు తెల్ల చీర, చేతిలో గొడుగు, భుజానికి గుడ్డ సంచి, సంచిలో నల్ల అట్ట గ్రంథం. చేల మధ్య పుంతలో ఆ గొడుగు కనపడగానే మా పేటలో ఆడవాళ్లు చేతులు కడుక్కుని చాపలు పరిచేవారు.

ఎవరింటికెళ్లినా గ్రంథం ఒళ్లో పెట్టుకుని ముందు కొంగుతో అట్ట తుడిచేది. చూపుడువేలు నాలికకి ఆనించి పేజీ తిప్పేది. ఆ వేలు లైను కింద నిమ్మళంగా జరుగుతుంటే, బొంగురు గొంతుతో వాక్యం వచ్చేది. మా అమ్మలాంటి వాళ్లు, పొద్దున్నించీ నడుం వంచి ఊడ్పులు ఊడ్చి వచ్చినవాళ్లు, ఆ గొంతు వింటూ గోడకి జారబడి అలాగే కళ్లు మూసుకునేవారు. మధ్యలో ఆవిడ వేలు ఆపి, తలెత్తి, "అర్థమవుతోందా?" అనేది. అవుతోందండి అనేవారు. నిజంగానే అయ్యేది. పెద్ద చదువులు చదివిన పాస్టరు అయ్యగార్లు గంటసేపు ప్రసంగం చేస్తే కానిది, ఆవిడ ఊరికే చదివితే అయ్యేది.

ఎవరైనా ఒక కాగితం చేతికివ్వబోతే మాత్రం ఆవిడ చెయ్యి ముందు కొంగు మీదకి పోయేది. గల్ఫ్ నుంచి వచ్చిన ఉత్తరం కానీ, మందుల చీటీ కానీ. "కళ్లజోడు ఇంటి దగ్గర మర్చిపోయానమ్మా, నువ్వే చదివి చెప్పు" అనేది. ఆవిడకి అసలు కళ్లజోడే లేదన్న సంగతి అన్నేళ్లలో ఒక్కరికీ తట్టలేదు. వేలితో లైను చూపిస్తూ చదివే మనిషిని ఎవరు అనుమానిస్తారు?

నాకు తెలిసింది నా పదో ఏట. నాన్న లేడు, అమ్మ కూలికెళ్తే చీకటిపడే వేళకి గానీ వచ్చేది కాదు. బడి వదిలాక నేను వాక్యమ్మగారి గదిలో ఉండేదాన్ని. ఆవిడ దోసెడు మరమరాలు, బెల్లం ముక్క పెట్టి, "నీ గొంతు గంటలా ఉంటుంది తల్లీ, కాస్త చదువు, వింటాను" అనేది. నేను పొంగిపోయి చదివేదాన్ని. ఆవిడ కళ్లు మూసుకుని వినేది. పెదాలు మాత్రం కదిలేవి. అయిపోయాక "ఇంకోసారి" అనేది. ఒక్కో భాగం మూడుసార్లు, నాలుగుసార్లు. నా గొంతు అంత బాగుంటుందన్నమాట అనుకునేదాన్ని.

ఒకరోజు చావు ఇళ్లలో చదవడానికని కొత్తగా ఒక ఓదార్పు భాగం చదవమంది. చాలా పొడుగు భాగం. బయట పిల్లలు ఆడుకుంటున్న కేకలు వినపడుతున్నాయి. తొందరలో, మధ్యలో ఒక వాక్యం వదిలేశాను. రెండోసారీ, మూడోసారీ కూడా అక్కడ గెంతేశాను, త్వరగా అయిపోతుందని. మర్నాడు ఎవరింట్లోనో ఆవిడ గ్రంథం తెరిచి, వేలు జరుపుతూ అదే భాగం చదివింది. నేను వదిలేసిన వాక్యం దగ్గర ఆవిడ కూడా గెంతింది.

దారిలో ఆవిడ నా మొహం చూసి కనిపెట్టేసింది. "ఏంటి తల్లీ?" అంది. "మీకు చదువు రాదా అండి?" అన్నాను. ఆవిడ పుంత మధ్యలో ఆగిపోయింది. ముందూ వెనకా చూసింది. "ఎలా తెలిసింది?" అంది. ఒక వాక్యం వదిలేశానని చెబితే తిడుతుందేమోనని, "మీ వేలు పేజీ చివరికి వచ్చినా మీరు పేజీ తిప్పలేదండి" అని చెప్పాను. అదీ నిజమే. కానీ అడిగినదానికి అది జవాబు కాదు.

అప్పుడు చెప్పింది. చిన్నప్పుడు ఉండి కాలవ వెంబడి బాతులు కాసేదట. బడి గుమ్మం కూడా తొక్కలేదు. పెళ్లాడిన మనిషి చర్చిలో వాక్యం చెప్పే ఉపదేశి. రోజూ పైకి చదువుకునేవాడు, ఈవిడ పక్కన గిన్నెలు తోముకుంటూ వినేది. ఆయన పోయినప్పుడు అప్పటి అయ్యగారు జాలిపడి, "ఆడవాళ్లకి వాక్యం చదివే పని ఉందమ్మా, నీకు చదవడం వచ్చు కదా?" అన్నారట. "తలూపాను తల్లీ. అంతే. నోటితో ఏమీ అనలేదు. అప్పట్నించీ ఎవరు తలుపు కొట్టినా నాకు గుండె జారిపోతుంది. ఎవరికీ చెప్పకు. గది పోతే నేనెక్కడికి పోను?" అంది. పెద్దవాళ్లు కూడా భయపడతారని నాకు అప్పుడే తెలిసింది. ఆ భయం నాకూ అంటుకుంది.

ఆ తర్వాత ఇద్దరం కలిసి ఒక ఏర్పాటు చేసుకున్నాం. నేను పేజీ వెతికి ఇచ్చేదాన్ని, ఆవిడ అందులో ఒక గుర్తు పెట్టుకునేది. బిడ్డ పుట్టిన ఇంటికి ఎర్ర రిబ్బను ముక్క. జబ్బు చేసిన ఇంటికి కోడి ఈక. గల్ఫ్ వెళ్లే ఆడవాళ్ల కోసం బస్సు టికెట్టు. చావింటికి తాటాకు ముక్క. గుర్తు చూసి పేజీ తెరిస్తే చాలు, మిగతాదంతా ఆవిడ బుర్రలో ఉండేది. ఆడవాళ్లు ఆ గుర్తులు చూసి "ఎంత భక్తో!" అనుకునేవారు.

కొత్త అయ్యగారు వచ్చిన ఏడు అది. ఆయన భార్య టీచరు ట్రైనింగు చదివిన మనిషి, అందరూ టీచరమ్మగారు అనేవారు. చెడ్డ మనిషి కాదు, ఇప్పటికీ ఆ మాట చెబుతాను. పేటలో ఒక్క ఆడపిల్లకైనా పట్నంలో మిషన్ హాస్టల్లో సీటు ఇప్పించాలని పట్టుదల ఆవిడకి. నా చేత పలక మీద రాయించి, చదివించి చూసింది. "దీన్ని పంపుదాం, అయ్యగారి చేత ఉత్తరం రాయిస్తాను" అని మా అమ్మతో అంది. అమ్మ ఆ రోజు పనికి కూడా వెళ్లలేదు. నన్నలా చూస్తూ కూర్చుంది.

ఆ వారంలోనే నా చేతిలోంచి గ్రంథం జారి పడిపోయింది. వాక్యమ్మగారు నూతి దగ్గరికి వెళ్లింది. నేను అలమర దులుపుతున్నాను. గుర్తులన్నీ గచ్చు మీద పడ్డాయి. ఏది ఎక్కడుండాలో వెతికి పెట్టొచ్చు, నాకు చదువొచ్చు కదా! కానీ బిందె చప్పుడు వినపడింది. చేతికందినట్టు ఈక ఒకచోట, రిబ్బను ఒకచోట, తాటాకు ఇంకోచోట కుక్కేసి, గ్రంథం అలమరలో పెట్టేశాను. ఆవిడ లోపలికొచ్చి, "ఏంటి, అలా ఉన్నావు?" అంది. "ఏం లేదండి" అన్నాను. ఆవిడ నన్ను జన్మలో తిట్టి ఎరగదు. అయినా ఎందుకు చెప్పలేదో, ముప్పై ఏళ్లకి పైగా అడుగుతూనే ఉన్నాను నన్ను నేను.

రెండ్రోజులకి మా పేటలో చేపలమ్మే ఆవిడ భర్త పోయాడు. మూడో రోజు ప్రార్థనకి వాక్యమ్మగారు వెళ్లింది. వెనకాల టీచరమ్మగారు కూడా వచ్చింది. నేను వాక్యమ్మగారి పక్కనే చాప మీద కూర్చున్నాను. ఆవిడ అట్ట తుడిచి, తాటాకు ఉన్న పేజీ తెరిచింది. నేను చూశాను. పేజీ నిండా పేర్లు. ఫలానా అతను ఫలానా అతన్ని కనెను అని వరసగా వంశావళి. వేలు ఆ పేర్ల కింద జరుగుతోంది, నోటి వెంట ఓదార్పు వస్తోంది. చేపలామె వెక్కి వెక్కి ఏడుస్తోంది. టీచరమ్మగారు ముందుకి వంగింది. ఆవిడ చూపు వేలి మీదకి వెళ్లింది, అక్కణ్ణించి వాక్యమ్మగారి మొహం మీదకి వచ్చింది.

ప్రార్థన అయ్యాక గుమ్మం దగ్గర, మెల్లిగానే అంది టీచరమ్మగారు. "ఆదివారం చర్చిలో వాక్యపాఠం మీరు చదవాలండి. ఏ పాఠమో అక్కడే చెబుతాను."

ఆ నాలుగు రోజులూ వాక్యమ్మగారు అన్నం ముందు కూర్చుని లేచిపోయేది. "తాటాకు సరైన చోటే ఉందా తల్లీ?" అని ఒకసారి అడిగింది. "ఉన్నచోటే ఉందండి" అన్నాను. ఇంకేం అడగలేదు. శనివారం నాడు నా రెండు చేతులూ పట్టుకుంది. "రేపు నా పక్కనే కూర్చో. కళ్లు మండుతున్నాయని చెబుతాను. నా బదులు ఈ పిల్ల చదువుతుంది అంటాను. నువ్వు లేచి గడగడా చదివెయ్యి. ఒక్కసారి గట్టెక్కితే మళ్లీ అడగరు." సరేనన్నాను. ఆ మాట, ఆవిడకి చదువు రాదన్న సంగతితో సహా, ఇంటికెళ్లి అమ్మకి చెప్పాను. అదే నేను చేసిన తప్పు. అమ్మ పొయ్యి దగ్గర్నించి గబుక్కున లేచొచ్చింది. "నీకు ముందే తెలుసని వాళ్లకి తెలిస్తే ఉత్తరం రాస్తారా ఏంటే? కదిలావంటే కాళ్లిరగ్గొడతాను. నాలాగా బురదలో బతుకుతావా?" అంటూనే ఏడ్చేసింది.

ఆదివారం చర్చి నిండిపోయింది. మా ఊళ్లో గుడి అన్నా అదే. మగవాళ్లు ఒక పక్క, ఆడవాళ్లు చాపల మీద ఒక పక్క. టీచరమ్మగారు పాఠం పేరు చెప్పింది. వాక్యమ్మగారు లేచి బల్ల దగ్గరికి వెళ్లింది. గ్రంథం తెరిచింది. కొంగుతో కళ్లొత్తుకుంది. "కళ్లు మండుతున్నాయండి. నా బదులు ఈ పిల్ల..." అంటూ నా వైపు తిరిగింది.

నేను లేవలేదు.

లేవాలనే అనుకున్నాను. అమ్మ వెనక కూర్చుని నా లంగా అంచు పట్టుకుని ఉంది, కానీ అది పట్టు కాదు, విదిలిస్తే ఊడిపోయేది. తల వంచుకుని చాప ఈనెలు చూస్తూ కూర్చున్నాను. గుళ్లో ఎవరో దగ్గారు. ఆ తర్వాత బొంగురు గొంతు వినపడింది. "నాకు చదువు రాదండి. మా ఆయన చదువుతుంటే విన్నదే చెబుతూ వచ్చాను. ఆ పిల్లకేం తెలీదు. నా కళ్లు బాలేవని ఊరికే సాయం అడిగాను."

చేపలామె ఒక్కర్తీ అంది, "చదువు రాకపోతే ఏంటండి, మాకు వినపడింది కదా!" అని. ఆ మాట ఎవరూ పట్టించుకోలేదు.

నెల తిరక్కుండా చదువుకున్న మనిషిని వేశారు. గది ఖాళీ చేసి వాక్యమ్మగారు కాలవ గట్టు మీద పాకలోకి వెళ్లిపోయింది. యాభై దాటిన మనిషి ఊడ్పులకి దిగింది, మా అమ్మ పక్క వరసలోనే. నాకు హాస్టల్ సీటు వచ్చింది. బస్సెక్కే రోజు ఆవిడ మరమరాల పొట్లం తెచ్చి కిటికీలోంచి ఇచ్చింది. "బాగా చదువుకో. ఎవరేమడిగినా నోటితో జవాబు చెప్పు, తలూపకు" అంది. నేను తలూపాను.

చదువుకున్నాను. ఉద్యోగం వచ్చింది. కథలు రాశాను. నాకు పేరు తెచ్చిన మొదటి కథ ఆ ఆదివారం గురించే. అందులో పిల్ల లేస్తుంది. తల్లి పట్టుకున్న లంగా విదిలించుకుని, బల్ల దగ్గరికి నడిచి, గుడంతా మారుమోగేట్టు చదువుతుంది. సభల్లో ఆ కథ గురించి మాట్లాడారు. కష్టాల్లో పుట్టిన పిల్లని చదువు ఎలా నిలబెడుతుందో చూడండి అన్నారు. నేను శాలువా కప్పించుకుని కూర్చున్నాను. లేచి నిలబడినందుకు కాదు నాకు చదువొచ్చింది, కూర్చున్నందుకు. ఆ సంగతి ఆ వేదిక మీద నాకొక్కదానికే తెలుసు. ఎవరైనా మా ఊరి మనిషి వెనక వరసలోంచి లేచి అడుగుతాడేమోనని ప్రతి సభలోనూ నాకు చెమటలు పట్టేవి.

ఆ కథ సంగతి వాక్యమ్మగారికి ఎవరో చెప్పారట, రమ్మని కబురు చేసింది. వెళ్లాను. అప్పటికి పాక పోయి గవర్నమెంటు ఇల్లు వచ్చింది. "చదివి వినిపించు" అంది. చదివాను. పిల్ల లేచే చోటు గబగబా చదివేసి దాటబోయాను. ఆవిడ కళ్లు మూసుకునే ఉంది. పెదాలు కదులుతున్నాయి.

"అక్కడ ఇంకోసారి చదువు తల్లీ."

"ఎక్కడండి?"

"ఆ పిల్ల లేచే చోట."

మూడుసార్లు చదివించుకుంది. ఎందుకు రాశావని గానీ, అబద్ధం కదా అని గానీ అనలేదు. "బాగుంది. ఆ పిల్లని అలాగే ఉంచు" అంది. టీ తాగి వచ్చేశాను. మళ్లీ ఎన్నో ఏళ్లు ఆ గడప తొక్కలేదు. తొక్కాలంటే భయం.

బస్సు దిగేసరికి రెండున్నర. వాక్యమ్మగారి ఇంటి ముందు షామియానా కింద పెట్టె పెట్టారు. నీలం అంచు తెల్ల చీరే కట్టారు. మొహం చిన్నదైపోయింది. నేను ఒక పక్కన నిలబడదామనుకుంటే, నేనెరగని కొత్త కోడళ్లు చుట్టూ చేరారు. "మీరేనా అండి ఆ రోజు గుళ్లో లేచి చదివింది?" "వాక్యమ్మగారు ఎన్నిసార్లు చెప్పేదో మేడమ్!" "మా పాపకి మీ కథే చెప్పి అన్నం తినిపించేదండి." ఒకామె చెప్పి చూపించింది కూడా. లంగా విదిలించుకోవడం, బల్ల దగ్గరికి నడవడం, గుడి మారుమోగడం. అన్నీ నా మాటలే, ఒక్క అక్షరం తేడా లేకుండా. ఆవిడ కంఠతా పట్టి పేటంతా చెప్పింది. వాక్యం నమ్మినట్టే నమ్మారు.

కుర్ర అయ్యగారు గ్రంథం తెచ్చి నా చేతిలో పెట్టాడు. నల్ల అట్ట చివర్లు తెల్లబడి ఉన్నాయి. "తాటాకు పెట్టిన చోట చదవాలని చెప్పారండి" అన్నాడు.

తెరిచాను. పేర్లు. ఫలానా అతను ఫలానా అతన్ని కనెను. తాటాకు నేను కుక్కిన పేజీలోనే ఉంది, రంగు మారి, పేజీకి అతుక్కుపోయి. ఇన్నేళ్లలో ఎవరి చేతా సరిచేయించుకోలేదు. సరిచేయించుకోవాలంటే ఎవరు తప్పు పెట్టారో చెప్పాలి కదా. ఆ నాలుగు రోజుల్లోనే ఆవిడకి అర్థమై ఉంటుంది. అందరూ నా వైపే చూస్తున్నారు. పదేళ్ల పిల్లకి ఎంత భయం వేసిందో అంతే భయం, ఆవగింజంత తగ్గలేదు.

"నేను ఆ రోజు లేవలేదండి" అన్నాను. గొంతు నాకే వినపడలేదు. మళ్లీ అన్నాను. "లేవమని అడిగింది. నేను కూర్చుండిపోయాను. కథలో రాసింది అబద్ధం."

కోడళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. పెట్టె తల దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో ఒక ముసలావిడ కూర్చుని ఉంది. చేపలామె. చూపు సరిగా ఆనడం లేదు కాబోలు, నా గొంతు వచ్చిన వైపు మొహం తిప్పింది.

"మాకు తెలుసులేమ్మా" అంది. "ఆ రోజు మేమంతా అక్కడే ఉన్నాం కదా. ఆవిడ అలా చెబుతుంటే ఊరుకున్నాం. చదువు."

అట్ట మీద దుమ్ము లేకపోయినా కొంగుతో తుడిచాను. పేజీ తిప్పలేదు. మొదటి పేరు కింద వేలు పెట్టి, ఓదార్పు భాగం మొదలుపెట్టాను. చూడకుండానే వచ్చింది, ఆవిడకి నేర్పుతూ నేనూ నేర్చుకున్నదే. రెండు వాక్యాలు అయ్యేసరికి ఆడవాళ్లు గొంతు కలిపారు. పెద్దవాళ్లూ, కోడళ్లూ, అందరికీ కంఠతా వచ్చు. మధ్యలో నేను చిన్నప్పుడు వదిలేసిన వాక్యం దగ్గరికొచ్చాను. ఈసారైనా చదవాలని ఊపిరి తీసుకున్నాను. ఆ లోపలే నా చుట్టూ ఉన్న ఆడవాళ్లంతా, చేపలామెతో సహా, ఆ వాక్యం లేకుండానే తర్వాతి దానిలోకి వెళ్లిపోయారు.